ఎండలో నల్లబడ్డ గాజుబిళ్ళ

ఎండలోకి వెళ్ళగానే నల్లబడి, ఇంట్లోకి రాగానే మళ్ళీ తెల్లబడే కళ్ళద్దాలు మీకున్నాయా? ఉంటే ఒకసారి తీసి చేతిలో పట్టుకోండి. ఆ అద్దం ఒక ఆడమనిషి అరచేతిలో నల్లబడిందన్న ఒక్క కారణంతో, ఆమె ముందుపళ్ళు రాయితో ఊడగొట్టడానికి ఊరంతా పందిరి కింద చేరితే, మీరు ఎక్కడ కూర్చుంటారు? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు నేనెక్కడ కూర్చున్నానో చెబుతాను.

ఆ ఆడమనిషి మా మేనత్త. ఇది ఎనభైల్లో సంగతి. ఏన్కూరు దాటాక చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, ముప్పై గడపల పల్లెలో ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రెండెకరాల మిరప చేను, ఒక గేదె. ఆ ఊళ్ళో ఎవరికి కాన్పయినా పిలుపు ఆమెకే వచ్చేది. పసిపిల్లలకు నూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి నీళ్ళు పోయడంలో ఆమె చేతికి మంచి పేరు. చివరికి ఆ పేరే ఆమె మెడకు చుట్టుకుంది.

ఆమె మరిదికి రెండేళ్ళ కూతురు. మా అత్త ఒక బుధవారం ఆ పిల్లకు నూనె రాసి నీళ్ళు పోసింది. గురువారం పిల్లకు వణుకుతో జ్వరం వచ్చింది. శుక్రవారం కళ్ళు తేలేసి కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. ఆ అడవి అంచున చలిజ్వరం తలకెక్కి ఫిట్సు రావడం కొత్త సంగతి కాదు. దోమ ప్రతి ఇంటికీ ఏటా వచ్చే చుట్టం. కానీ పిల్ల తండ్రి ఏన్కూరు దవాఖానాకు పోలేదు. గోదావరి అవతలి పల్లెల దాకా పేరున్న ఒక ముసలాయనకు కబురు పంపాడు. ఆయన్ని అందరూ చూసేటాయన అనేవాళ్ళు. ఎవరి మీదైనా మంత్రాలు చేస్తుందన్న అనుమానం వస్తే, ఆయన వచ్చి చూసి చెప్పేవాడు. చేస్తుందని తేలితే ఆమె పళ్ళు ఊడగొట్టేవాళ్ళు. పళ్ళు లేని నోట్లో మంత్రం పలకదట. తర్వాత ఊరు దాటించేవాళ్ళు.

ఖమ్మం మార్కెట్టుకు మిరప బస్తాలు తెచ్చిన ఒక లారీ డ్రైవరు శనివారం సాయంత్రం మా ఇంటికొచ్చి అమ్మకు ఆ మాట చెప్పిపోయాడు. రేపు పొద్దున చూసేటాయన వచ్చి మా అత్తకు చూపు పెడుతున్నాడని.

నేను ఆ వారమంతా ఇంట్లోనే ఉన్నాను. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నదాన్ని, చేసిన పనంతా చెడి, మొహం చెల్లక ఇంటికొచ్చాను. ఆ పనేమిటో కొంచెం చెప్పాలి. దాని అవసరం తర్వాత పడుతుంది.

మాది కాంతి మీద పని. ఎర్రని, పసుపుపచ్చని గాజు పలకలుంటాయి. గాజు కరిగినప్పుడు అందులో కొన్ని రసాయనాలు కలిపి కాలిస్తే, లోపల అతి చిన్న నలుసులు పుడతాయి. ఒక వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతో, నలుసు అంత. దానికిప్పుడు నానో అని పెద్ద పేరొచ్చింది. అప్పుడు మేం నలుసులనే అనేవాళ్ళం. మామూలు గాజు మీద వెలుగు రెట్టింపు వేస్తే అవతలికి రెట్టింపు వెలుగు వస్తుంది. గ్రాఫు కాగితం మీద తిన్నని గీత. ఈ నలుసుల గాజు మీద లేజరు వేస్తే ఒక హద్దు దాటాక ఆ గీత వంగుతుంది. ఎందుకంటే బలమైన వెలుగు తగిలినప్పుడు గాజు తన గుణం మార్చుకుంటుంది. అంటే మనం ఏ వెలుగుతో చూస్తున్నామో ఆ వెలుగే, చూస్తున్న వస్తువును మారుస్తుంది. మా పరిశోధనంతా ఆ వంపు కోసమే.

ఎనిమిది నెలలు కొలిచి నేనొక అందమైన వంపు పట్టాను. నా పనికి మార్గదర్శకుడైన ప్రొఫెసరు ఆ కాగితాలు తిరగేసి ఒక్క ప్రశ్న అడిగాడు. "లేజరు ఎప్పుడూ పడని చోట కొలిచావా?" కొలవలేదు. రోజూ ఒకే పలక, అదే మచ్చ. లేజరు పడీ పడీ ఆ మచ్చ దగ్గర గాజు శాశ్వతంగా నల్లబడిపోయింది. నా వెలుగు చేసిన నల్లదనాన్ని నేను గాజు స్వభావమని రాసుకున్నాను. పలకను అర అంగుళం జరిపి కొలిస్తే నా వంపు మాయమైంది.

ఆ అవమానంతో ఇంటికొచ్చినదాన్ని, అత్త కబురు వినగానే అన్నీ మరిచిపోయి లేచాను. మా నాన్న బడిపంతులు. సాయంత్రాలు రీడింగు రూములో దేవుడు, కులం, మూఢనమ్మకం అన్నిటి మీదా చర్చలు పెట్టేవాడు. పదేళ్ళప్పుడే నన్ను బల్ల మీద నిలబెట్టి మాట్లాడించేవాడు. ఎదుటివాడి నోరు మూయించడం నాకు అన్నం తిన్నంత సులువు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన చెయ్యవలసిన పని నేను చేస్తున్నాననుకుంటూ తెల్లవారుజామున మొదటి బస్సెక్కాను. గుమ్మం దాకా వచ్చిన అమ్మ ఒక మాట చెప్పింది.

"ఆడికి పొయ్యి మీ నాయన లెక్క ఉపన్యాసం ఇయ్యకు. ఆడ మనుషులు కోపంల లేరు. భయంల ఉన్నరు."

అదేం మాట అనుకున్నాను. భయమున్నవాళ్ళకే కదా ఉపన్యాసం కావాలి.

ఏన్కూరులో దిగి, మాఘమాసపు చలిలో మూడు మైళ్ళు నడిచాను. మంచు విడిచి ఎండ తెల్లగా కాసింది. కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటుకు ముక్కు మండింది. ఊరి మొదట్లోనే నలుగురు ఆడపిల్లలు నన్ను చూసి నవ్వారు.

"అక్కా, నీ కండ్లకు మసి వెట్టుకున్నవా?"

నా కళ్ళద్దాల సంగతది. స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే సోకుగా కొనుక్కున్నవి, ఎండకు నల్లబడేవి. వాళ్ళ మాటకు నేనూ నవ్వి ముందుకు నడిచాను. ఆ నవ్వు కాసేపట్లో నా మీదికే వస్తుందని అప్పుడు తెలియదు.

మరిది ఇంటి ముందు తాటాకు పందిరి. పైన మిరప బస్తాలకు కప్పే మందపు పట్టాలు కూడా పరిచారు. కింద ముప్పై మంది మగవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. గుమ్మంలో పిల్ల తల్లి, ఒళ్ళో పిల్ల. పిల్ల ఊపిరి నాకు పందిరి దగ్గరికే వినబడుతోంది. పందిరికి పది అడుగుల దూరంలో, ఎండలో, ఒట్టి కాళ్ళతో మా అత్త. పొద్దు పొడిచినప్పటి నుంచీ నిలబడే ఉందట. అనుమానం పడ్డ మనిషికి, మంచిదని తేలేదాకా నీడ ఇవ్వరు. అది అక్కడి కట్టు. ఆమె పక్కన నేల మీద గుడ్డలో చుట్టిన గుండ్రాయి.

అత్త నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. రాకు అన్నట్టు.

ఊరి పెద్దమనిషి నన్ను గుర్తుపట్టాడు. "పంతులు సారు బిడ్డవు గదా. ఎండల ఎందుకు, నీడకు రా. కూసో."

మీరడగవలసిన ప్రశ్న ఇప్పుడడగండి. నేనేం చేశాను? నీడలోకి వెళ్ళి కూర్చున్నాను. అత్త పక్కన నిలబడలేదు. దగ్గరగా ఉండి మోసాన్ని పట్టుకోవాలని కూర్చున్నానని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. ఎన్నో ఏళ్ళు అదే చెప్పుకుంటూ వచ్చాను.

చూసేటాయన డెబ్బై ఏళ్ళ బక్కపలచని మనిషి. వేషమేమీ లేదు. మామూలు పంచె, భుజాన తువ్వాలు. నడుముకున్న గుడ్డసంచిలోంచి ఒక గాజుబిళ్ళ తీశాడు. చుట్టూ ఇత్తడి రేకు తొడిగి ఉంది. భద్రాచలం రేవులో, జాతర అయిపోయిన మర్నాడు, ఇసుకలో దొరికిందట. అమ్మవారి కన్ను అన్నాడు. దాన్ని కుండలో చల్లటి నీళ్ళతో కడిగి పెద్దమనిషి అరచేతిలో పెట్టాడు. అందరూ చూశారు. తెల్లగానే ఉంది. పక్కవాడి చేతిలో తెల్లగానే ఉంది. అలా చేయీ చేయీ మారి పందిరంతా తిరిగింది. నీడలో కొద్దిగా మసక వచ్చేదేమో, ఎవరూ పట్టించుకోలేదు. నా దాకా వచ్చింది. నా చేతిలో కూడా తెల్లగానే ఉంది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. అది నా అరచేతిలో తెల్లగా ఉండటం చూసి, ఒక్క క్షణం, నా గుండె తేలికపడింది. పదేళ్ళప్పుడే బల్లెక్కి దేవుడు లేడని వాదించినదాన్ని. అయినా తేలికపడింది.

తర్వాత చూసేటాయన బిళ్ళను మళ్ళీ కుండలో ముంచి కడిగాడు. బయటికి నడిచి అత్త చేయి చాపమన్నాడు. తడి బిళ్ళను అరచేతిలో పెట్టాడు. అందరూ మెడలు సాచి చూశారు. వందదాకా లెక్కపెడితే ఎంతసేపో అంతసేపు. బిళ్ళ ముందు బూడిదరంగుకు తిరిగింది. తర్వాత పొగ చూరినట్టయింది. అత్త అరచేతిలోని గీతలు దాని కింద కనబడకుండా పోయాయి.

"నల్లగైంది! చూసిండ్రా, నల్లగైంది!"

పందిరి కింద మగవాళ్ళు లేచారు. మరిది ఏడుస్తూ వచ్చి గుండ్రాయి చేతిలోకి తీసుకున్నాడు. అవును, ఏడుస్తూనే. ఆ మనిషి మొహంలో పగ నాకు కనబడలేదు. కన్నకూతురు చచ్చిపోతోందన్న భయమే ఉంది. అది చూసే ఓపిక ఆ క్షణాన నాకు లేదు. ఆ బిళ్ళ ఏమిటో నాకు తెలిసిపోయింది. ఎవరో యాత్రికుడి కళ్ళద్దాల్లోంచి ఊడిపడ్డ అద్దమది. నా ముక్కు మీదున్నట్టిదే. దాని లోపల వెండి ఉప్పు నలుసులుంటాయి. ఎండలోని కంటికి కనబడని కిరణం తగిలితే ఆ నలుసుల్లో వెండి విడిపడి గాజు నల్లబడుతుంది. నీడకొస్తే మళ్ళీ కలిసిపోయి తెల్లబడుతుంది. చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ నల్లబడుతుంది. ఆయన దాన్ని కుండనీళ్ళలో ముంచి మరీ ఇచ్చాడు.

నేను బయటికి దూకి మరిదికీ అత్తకూ మధ్య నిలబడ్డాను. నా కళ్ళద్దాలు తీసి పైకెత్తాను. "మోసం! ఇది ఒట్టి దుకాణంల దొరికే అద్దం! నాది చూడుండ్రి, ఇది గూడ నల్లగైతది!" అని అరిచాను. నా చేతిలో, అందరి కళ్ళ ముందు, ఎండలో, నా కళ్ళద్దాలు రెండూ నల్లబడ్డాయి.

నేను గెలిచాననుకున్నాను. తర్వాత వెనక నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"ఓయమ్మో! అత్త చేతిల ఒకటే. కోడలు రెండు కండ్లకు వెట్టుకొని తిరుగుతున్నది!"

ఎవరో భయంగా నవ్వారు. పొద్దున నన్ను చూసి నవ్విన ఆడపిల్లల్లో ఒకతి, "అవ్, నేను జూసిన, ఊర్లకు వచ్చేటప్పుడే నల్లగున్నయ్, పందిట్లకు రాంగనే తెల్లగైనయ్" అని సాక్ష్యం చెప్పింది. పాపం, చూసింది చూసినట్టే చెప్పింది.

"పట్నంల ఇదే సదువుతున్నదేమో," అన్నాడు ఒకాయన.

"మేనత్త నేర్పకుంటే ఎవరు నేర్పుతరు?" అన్నాడు ఇంకొకాయన.

"చేతిల వెట్టి చూడుండ్రి! ఈమె చేతిల గూడ వెట్టుండ్రి!"

"పందిట్ల వెడితే తెల్లగుండె గదా?" అన్నాడు పెద్దమనిషి, కొంచెం అనుమానంగా.

"అప్పుడు మందిల దాసుకున్నది. ఇప్పుడు వెట్టుండ్రి!"

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. బిళ్ళను కుండలో ముంచి తెచ్చి నా చేతిలో పెట్టారు. చల్లగా ఉంది. నేను ఎండలో ఉన్నాను. ఇప్పుడది నల్లబడుతుంది. ఎందుకు నల్లబడుతుందో ఆ ఊరి మొత్తంలో తెలిసింది నాకొక్కదానికే. తెలిసిన ప్రతి సంగతీ నా మెడకే ఉరి అవుతోంది. అర నిమిషం ముందు నేనే దండోరా వేసి చెప్పాను, నల్లబడుతుందని. నల్లబడింది.

ఇప్పుడు ఎండలో ఇద్దరం. రాయి ఒకటే.

ఆ నిమిషంలో నాకు నాన్న నేర్పిన ఒక్క వాదనా గుర్తు రాలేదు. అత్త నా చేయి పట్టుకుంది.

"ఎందుకొచ్చినవే బిడ్డా," అంది మెల్లగా. "నాకు పండ్లు పోతే గంజి తాగి బతుకుత. నీకింక పెండ్లి గాలె."

అంతటి భయంలోనూ నాకు నవ్వో ఏడుపో వచ్చింది. ఆ మెతక నిమిషంలోనే చూసేటాయన మొహం నా కంటపడింది. అప్పటిదాకా ఆయన మొహం నేను చూడనే లేదు. చేతులే చూస్తున్నాను, మోసం ఎక్కడుందా అని. ఆయన నల్లబడ్డ బిళ్ళను, నా కళ్ళద్దాలను, మార్చి మార్చి చూస్తున్నాడు. మోసగాడు పట్టుబడితే ఉండే చూపు కాదది. నా వంపు మాయమైన రోజున అద్దంలో నేను చూసుకున్న చూపు.

ఆయన మోసం చెయ్యడం లేదు. నమ్మే చేస్తున్నాడు. ఆలోచించండి, ఎంత పకడ్బందీ పరీక్ష అది! అందరి చేతుల్లోనూ పెట్టి చూపించాడు. ఒక్కరినీ వదల్లేదు. నేను తీర్పరినైతే మెచ్చుకునేదాన్ని. లోటు ఒక్కటే. మంచివాళ్ళనందరినీ నీడలో పరీక్షించాడు. చెడ్డదని అనుమానించిన మనిషిని ఎండలో పరీక్షించాడు. అది ఆయన పెట్టిన పద్ధతి కాదు. నీడ ఇవ్వకూడదన్న ఊరి కట్టు పెట్టింది. నేరం ఉందో లేదో తేలకముందే వేసిన శిక్ష, ఆ నేరానికి రుజువును తయారు చేసి పెట్టింది. ఎనిమిది నెలలు ఒకే మచ్చ మీద లేజరు వేసిన నాకంటే ఈ సంగతి బాగా ఎవరికి అర్థమవుతుంది?

నేను అరవడం మానేశాను. ప్రొఫెసరు నన్నడిగిన ప్రశ్ననే నాకు తెలిసిన మాటల్లో అడిగాను.

"తాతా, నీ చేతిల ఎప్పుడన్న ఎండకు వెట్టి చూసినవా?"

ఆయన బిళ్ళనే చూస్తున్నాడు.

"ఎప్పుడూ సంచిలనే ఉంటది గదా. నీడల తీస్తవు. నీడల కడుగుతవు. ఎండల నిలవడ్డ మనిషి చేతిల వెట్టి ఇడిసిపెడతవు. నీ చేతిల వెట్టుకొని నువ్వు ఎండల నిలవడ్డవా?"

"అమ్మవారి కన్ను అది," అన్నాడు. "నన్నెందుకు జూస్తది?"

"చూస్తే ఏమైతది?" అన్నది మా అత్త. "ఇన్నేండ్ల సంది మోస్తున్నవ్. నీకు గూడ భయమేనా తమ్మీ?"

ఆమెకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాణ్ణి తమ్మీ అంది. పందిరి కింద ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. పెద్దమనిషి, "అయ్యా, నువ్వు పట్టుకోకు, వాళ్ళేదో చేస్తరు" అన్నాడు.

ఆ మాట విననట్టే ముసలాయన నా చేతిలోంచి బిళ్ళ తీసుకున్నాడు. నీడకు వెళ్ళి, కుండ పక్కన కూర్చుని, బిళ్ళను తువ్వాలు కింద పెట్టి కనిపెట్టుకున్నాడు. చాలాసేపు పట్టింది. గుమ్మంలో పిల్ల ఊపిరి ఎగపోస్తూనే ఉంది. బిళ్ళ తేటపడ్డాక అందరికీ ఎత్తి చూపించాడు. నీళ్ళలో ముంచాడు. అలవాటు తప్పలేదు. ఎండలోకి వచ్చి అత్త పక్కన నిలబడి, అరచేయి చాపి, దాని మీద పెట్టుకున్నాడు.

బిళ్ళ నల్లబడింది.

ఆయన కదల్లేదు. చేయి దించలేదు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆయన దేవుడి మనిషి, ఆయనకు వేరే లెక్క అని ఒకరు. ఈ ఇద్దరూ కలిసి ఆయన మీద మంత్రం చేశారని ఒకరు. మనుషులు ఒక నమ్మకాన్ని కాపాడుకోవడానికి ఎంత చురుగ్గా ఆలోచిస్తారో ఆ రోజు విన్నాను. అందులో సగం చురుకు ఆ పిల్లను దవాఖానాకు చేర్చడంలో పెడితే చాలు. మరిది గుండ్రాయిని ఇంకా వదల్లేదు.

అప్పుడు గుమ్మంలోంచి పిల్ల తల్లి లేచింది. పిల్లను పక్కనున్న ముసలమ్మ ఒళ్ళో పెట్టి, మగవాళ్ళ మధ్యలోంచి నడిచి వచ్చింది. ఆమెకు పాతికేళ్ళుంటాయేమో. మూడు రాత్రులు నిద్రలేని కళ్ళు. ముసలాయన చేతిలోంచి బిళ్ళ లాక్కుంది. పందిరి నీడకు పోయి, కొంగు కప్పి, అది తెల్లబడేదాకా నిలబడింది. తర్వాత ఒక్క అడుగు బయటికి వేసింది. నల్లబడేదాకా నిలబడింది. మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి. ఎవరూ నేర్పలేదు ఆమెకు. నా ఎనిమిది నెలల పనిలో నేను చెయ్యని పని అది.

రెండోసారి నల్లబడ్డాక ఆమె మొగుడి మొహం ముందు చేయి చాపింది.

"నాకు గూడ నల్లగైంది. ఏమంటవ్? నా బిడ్డకు నేనే మంత్రం వెట్టుకున్ననా?"

అతను చేతిలోని రాయి వైపు చూశాడు.

"అడుగుతున్న గదా. చెప్పు. చేసిన్నా? చేస్తే నా పండ్లు ఊడగొట్టు. లేకుంటే రాయి ఆడ పారేసి బండి కట్టు. జల్దీ కట్టు. గిట్ల నిలవడి నా బిడ్డను సంపుతరా అందరు?"

అతను రాయి వదిలేసి బండి కట్టాడు. మా అత్త అడగకుండానే బండెక్కి పిల్లను ఒళ్ళో వేసుకుంది. తల్లి వద్దనలేదు. దవాఖానాలో చెవి గుచ్చి రక్తం చూశారు. చలిజ్వరమే. ఇంకొక పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. పిల్ల బతికింది. మా అత్త పళ్ళన్నీ ఉన్న నోటితోనే ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది.

ఇది ఇక్కడితో ఆపితే విజయగాథ అవుతుంది. నాన్న ఉంటే రీడింగు రూములో చప్పట్లు కొట్టించేవాడు.

బండి కదిలాక ముసలాయన ఇంకా ఎండలోనే నిలబడి ఉన్నాడు. ఊరంతా ఎవరి పనికి వాళ్ళు సర్దుకుంటున్నారు, ఏమీ జరగనట్టు. నేను నీడకు రమ్మన్నాను. రాలేదు.

"బిడ్డా," అన్నాడు. "దీనికి ముందు ముగ్గురు. ముగ్గురికీ నల్లగైంది. మరి వాళ్ళ సంగతేంది?"

గాజు ఎందుకు నల్లబడుతుందో చెప్పగలను. దాన్ని ఆయనేం చేసుకుంటాడు?

గాజుబిళ్ళ నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గర ఉంచుకో. ఎవరి చేతిల వెట్టకు."

ఆ ముగ్గురిలో ఒకామె బతికే ఉంది. ఊరు వెళ్ళగొట్టాక ఖమ్మంలో, రైలుకట్ట పక్కన రేకుల గదిలో, ఇళ్ళల్లో అంట్లు తోముకుని బతుకుతోంది. రెండు నెలల తర్వాత చూసేటాయన నన్ను తోడు రమ్మంటే వెళ్ళాను. ఆమె గుమ్మం మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నోరు లోపలికి పోయి, నలభై ఏళ్ళకే ముసలిదానిలా ఉంది. ఆయన గుమ్మం ముందు ఆగిపోయి చేతులు కట్టుకున్నాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆమె ఆయన్ని గుర్తుపట్టింది. చేట పక్కన పెట్టలేదు. ఆయన చెప్పదలచుకున్నదంతా చెప్పాడు, నది ఒడ్డు ఇసుక నుంచి మా అత్త అరచేయి దాకా. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూనే వింది.

ఆయన ముసలివాడు, సోలుతున్నాడు. నేను జాలిపడి, "అమ్మా, ఆయన్ని కొంచెం నీడకు రమ్మందామా?" అన్నాను.

ఆమె తలెత్తి నన్ను చూసింది. పళ్ళు లేని నోటి మాట, అయినా ప్రతి అక్షరం తెలిసింది.

"నిలవడనియ్," అంది. "నేను గూడ నిలవడ్డ."

ఆ బిళ్ళ ఇప్పుడు నా బల్ల సొరుగులో చీకట్లో ఉంది. తెల్లగా ఉంది. దాన్ని తీసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మా అత్త బతికిపోవడం కాదు. నా అరచేతిలో అది తెల్లగా ఉన్నప్పుడు నా గుండె తేలికపడటం.

కాబట్టి మీరు ఏ పందిట్లో కూర్చున్నా సరే, అది ఊరి పంచాయతీ కావచ్చు, మీ ఆఫీసు గది కావచ్చు, మీ ఇంటి వసారా కావచ్చు. ఒక మనిషిని ఎదురుగా నిలబెట్టి, ఇదిగో రుజువు అని ఎవరైనా చూపిస్తే, నీడలో కూర్చుని మీ చేయి చూసుకుని మురిసిపోకండి. లేవండి. బయటికి వచ్చి ఆ మనిషి పక్కన, అదే ఎండలో నిలబడండి. ఆ రుజువును ముందు మీ అరచేతిలో పెట్టించుకోండి. పెట్టించుకున్నాకే నోరు తెరవండి.